నందిగారి రెండో చెవి

ఆవిడ పోయిందన్న కబురు నాకు మొదట తెచ్చింది పూల నాగమణి. పొద్దున్నే గుమ్మం ముందు ముగ్గు పెడుతున్నాను. రోజూ సందు మొదట్లోంచే "పూలూ" అని కేక వేసే మనిషి, ఆ రోజు కేక లేకుండా దగ్గరికి వచ్చి బుట్ట కింద పెట్టింది.

"నందమ్మగారు పోయారండీ. తెల్లారగట్ట గుండెల్లో నొప్పన్నారంట. ఆటో వచ్చేలోపే అయిపోయిందంట."

నేను ముగ్గు సగంలో ఆపేశాను. నాగమణి బుట్టలోంచి చామంతి దండ తీసి నా చేతిలో పెట్టింది. డబ్బులు తీసుకోలేదు. "మీరెలాగూ వెళ్తారుగా, ఆవిడ మీద వెయ్యండి" అని వెళ్ళిపోయింది. ఆ మాటకి ఇప్పటికీ ఆమెకి మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

నందమ్మ ఆవిడ పేరు కాదు. వన్ టౌన్‌లో మా శివాలయం ముందు పూలూ కొబ్బరికాయలూ అమ్మేవాళ్ళు పెట్టిన పేరు. అసలు పేరు నేనిక్కడ రాయను. ఆ ఇంటివాళ్ళ పేర్లూ, గోత్రమూ, నక్షత్రమూ ఇప్పటికే ముక్కూ మొహం తెలియని చాలామంది దగ్గర ఉన్నాయి. నా చేత్తో ఇంకొకరికి అందించడం ఇష్టం లేదు. అందుకే చిన్న చిన్న వివరాలు అక్కడక్కడ మార్చాను. ఇది రాయమని నన్ను అడిగింది ఆవిడ కోడలే.

నంది చెవిలో కోరిక చెప్పుకోవడం అందరమూ చేసేదే. ఆవిడ చేసినట్టు మాత్రం నేను ఇంకెవరినీ చూడలేదు. పొట్టి మనిషి. ముని వేళ్ళ మీద లేచి, ఒక చేతిని తన నోటికీ నంది చెవికీ మధ్య గోడలా పెట్టేది. రెండో చేతిని నంది మెడ మీదుగా చాపి అవతలి చెవి మూసేది. ఈ చెవిలో చెప్పింది ఆ చెవిలోంచి బయటికి పోకూడదని పెద్దవాళ్ళ నమ్మకం. మనమైతే ఏదో వేళ్ళు ఆనించి ఊరుకుంటాం. ఆవిడ అరచెయ్యంతా అదిమి పెట్టేది. అలా నంది మీద వాలిపోయి, పెదవులు కదులుతున్నాయో లేదో కూడా తెలియకుండా చెప్పుకునేది.

వెనకాల నిలబడ్డవాళ్ళు విసుక్కునేవాళ్ళు. "కానివ్వండమ్మా, మాకూ కోరికలున్నాయి" అని ఒకాయన అంటే, చెయ్యి తియ్యకుండానే తల తిప్పి, "మీవి చిన్న కోరికలు బాబూ, దూరాన్నుంచి చెప్పినా వినపడతాయి. కాస్త అటు జరగండి" అంది. ఆయన నిజంగానే జరిగాడు.

నేను స్తంభం పక్కన కళ్ళు మూసుకుని నిలబడేదాన్ని. ఒక సోమవారం ఆవిడే వచ్చి పలకరించింది.

"ఏమ్మా, నువ్వేం అడగవా?"

"ఇచ్చినవాటికి దణ్ణం పెట్టుకోడానికే సరిపోతోందండీ."

"బావుంది వరస. అయితే నీ వంతు కూడా నేనే అడిగేస్తాలే" అంది. అలా మొదలైంది మా స్నేహం.

వాళ్ళది సముద్రం వైపు నుంచి వచ్చిన కుటుంబం. చేపల వ్యాపారం. భర్త బతికి ఉన్నన్నాళ్ళూ ఎండుచేపల కొట్లో ఆయన పక్కనే కూర్చుని బేరాలు చేసింది. మా ఇంట్లో నీచు ముట్టం. ఆ సంగతి తెలిసి గుడికి వచ్చే ముందు చింతపండూ పసుపూ పెట్టి చేతులు తోముకుని, వాటిని నా ముక్కు దగ్గర పెట్టేది.

"చూడవే పంతులమ్మా, వాసనొస్తోందా?"

"లేదండీ అక్కగారూ."

"గుళ్ళో నిలబడి అబద్ధమా!"

"వస్తోందండీ. పసుపు వాసన."

అంతే, ధ్వజస్తంభం దగ్గర కూర్చున్న పావురాలు లేచిపోయేలా నవ్వేది. పంతులమ్మ అని నన్ను వెక్కిరింతకే పిలిచేది. నేను బడి మెట్లు ఎక్కలేదు. చిన్నప్పుడు జబ్బు చేసి కాళ్ళలో సత్తువ లేకపోతే మా నాన్నగారు ఇంట్లోనే పలక పట్టించి, భాగవతం దాకా తీసుకొచ్చారు. ఆ రుణం ఈ జన్మకి తీరదు. "బడికెళ్ళని పంతులమ్మ" అని ఆవిడ అందరికీ గొప్పగా చెప్పేది.

ఒకసారి నా మనసులో బరువొకటి ఆవిడ దగ్గర దించుకున్నాను. అదేమిటో ఇక్కడ చెప్పను. చెప్పాక భయపడ్డాను కూడా. ఆవిడ నా భయం చూసి తన చెవి తనే అరచేత్తో మూసుకుంది. "ఇదిగో, రెండోదీ మూసేశాను. ఇంకెక్కడికి పోతుంది?" అంది. పోలేదు. ఏళ్ళు గడిచాయి, ఎవరి నోటా నాకది తిరిగి వినబడలేదు. ఆ మాట ఆవిడతోనే కాలిపోయింది. ఇది ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

ఆవిడకి ఒక్కడే కొడుకు. పామర్రు, కంకిపాడు వైపు చెరువుల నుంచి చేప ఎత్తి మార్కెట్‌కి చేర్చే పని, సొంత వ్యాను. కోడలు నెమ్మదైన పిల్ల. పెళ్ళయి చాలా ఏళ్ళయినా పిల్లలు లేరు. పామర్రులో ఒక గృహప్రవేశంలో దూరపు చుట్టం ఒకావిడ అందరి ముందూ, "ఇంకా విశేషం లేదా? పిల్లని డాక్టరుకి చూపించారా?" అని అడిగింది. ఈవిడ తాంబూలం అందుకుంటూనే, "పిల్లకేం, నిక్షేపంలా ఉంది. చూపిస్తే నిన్ను చూపించాలి. పొద్దుటి నుంచీ అదే మాట కక్కుతున్నావు" అంది. భోజనాలయ్యేదాకా ఆ చుట్టం మళ్ళీ నోరెత్తలేదు. అత్తగారు కోడలిని వెనకేసుకొస్తోందని మురిసిపోయాను.

లోపం కొడుకులో ఉందని డాక్టరు చెప్పిన సంగతి నాకు అప్పటికి తెలియదు. అది భార్యాభర్తలిద్దరికీ, తల్లికీ మాత్రమే తెలుసు. కొడుకు తల్లి చేత చేతిలో చెయ్యి వేయించుకుని మాట తీసుకున్నాడు. "నా కట్టె కాలేదాకా నా నోట రాదురా" అని ఆవిడ మాట ఇచ్చింది. దేవుడికి చెప్పుకోనని మాత్రం ఇవ్వలేదు. అది ఇద్దరికీ తోచలేదు.

తర్వాత ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి. గుడి మెట్లెక్కలేక ఇంట్లో కూర్చుని కుమిలిపోతుంటే చూడలేక, కోడలు తన ఫోన్‌లో పూజల యాప్ ఒకటి పెట్టింది. ఎక్కడో దూరాన గుళ్ళో మన పేరున అర్చన చేయించి, వీడియో పంపి, ప్రసాదం కొరియర్‌లో ఇంటికి చేరుస్తారట. గుడివాళ్ళది కాదు, ఎవరో కంపెనీ వాళ్ళది. మేమప్పుడు ఆ తేడా పట్టించుకోలేదు. తెర మీద శివుడి బొమ్మ ఉంది, గంట మోగింది. ఫోను పుణ్యమా అని ప్రవచనాలు ఇంట్లోనే వింటున్న దాన్ని, నాకూ అందులో మంచే కనిపించింది.

ఆ మధ్యాహ్నం నేనక్కడే ఉన్నాను. యాప్ ఒక్కొక్కటే అడుగుతోంది. ఎవరి పేరున పూజ? కొడుకు పేరు పూర్తిగా చెప్పింది. గోత్రం, నక్షత్రం చెప్పింది. సంకల్పంలో పేరు పొల్లుపోతే ఫలం దారి తప్పుతుందని, ప్రతిదీ కోడలి చేత తిరిగి చదివించుకుంది. తర్వాత, భక్తుని మొబైల్ నంబరు.

"మీదే ఇస్తానత్తయ్యా" అంది కోడలు.

"నాదెందుకే? పేరు వాడిది, నక్షత్రం వాడిది, నంబరు నాదా? అప్పుడు ఫలం నాకొచ్చి కూర్చుంటుంది. ఈ వయసులో నేనేం చేసుకోను?"

ముగ్గురం నవ్వుకున్నాం. నవ్వుకుని, కొడుకు నంబరే ఇచ్చాం.

చివర్లో ఒక గడి. మీ కోరిక చెప్పండి, నోటితో చెప్పినా చాలు అని మైకు బొమ్మ ఉంది. ఆవిడ ఫోను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీనికి రెండో చెవి ఎక్కడుందే?"

కోడలు నవ్వి, ఫోను కింది అంచున ఉన్న చిన్న చిల్లులు చూపించింది. "ఇక్కడ వింటుందత్తయ్యా. పైన ఉన్న చిల్లులోంచి మాట్లాడుతుంది."

"అయితే పైది మూస్తా. మీరిద్దరూ అటు తిరగండి."

మేమిద్దరం గోడవైపు తిరిగాం. తిరిగే ముందు ఒక్క క్షణం చూశాను. ఆవిడ ఫోను నోటి దగ్గర పెట్టుకుని ఒక చెయ్యి అడ్డం పెట్టింది. రెండో చెయ్యి పై అంచు మీద అదిమి పట్టింది. నంది మీదికి వంగినట్టే వంగింది. కళ్ళు మూసుకుంది. గోడ మీద క్యాలెండర్ చూస్తూ నేను నా శివుడికి దణ్ణం పెట్టుకున్నాను. మేమిద్దరం ఒక్క మాట వినలేదు. వినకూడనివాళ్ళు విన్నారు.

చేపల మార్కెట్‌లో పనిచేసేవాళ్ళకి ఒక అలవాటుంది. చేతులు ఎప్పుడూ ఐసు నీళ్ళలోనే ఉంటాయి కనుక ఫోను పట్టుకోలేరు. ప్లాస్టిక్ కవర్లో చుట్టి చొక్కా జేబులో పెట్టుకుని, మోగితే మెటికతో నొక్కి, స్పీకర్లోనే మాట్లాడతారు. ధరలూ, బండి ఎక్కడుందీ, ఏ చెరువులో చేప ఎప్పుడు పడతారూ, అన్నీ అందరికీ వినబడుతూనే ఉంటాయి. ఎవరికీ పట్టింపు లేదు.

కంకిపాడు మార్కెట్‌లో పెట్టెలు ఎత్తుతుండగా అతని జేబులో ఫోను మోగింది. మెటికతో నొక్కాడు. తియ్యగా మాట్లాడే ఆడపిల్ల గొంతు. అతని పేరు పూర్తిగా పలికింది.

"సంతానం విషయంలో బాధపడుతున్నారని తెలిసింది సార్. మగవారిలో లోపానికి మా సెంటర్లో స్పెషల్ ట్రీట్‌మెంట్ ఉంది సార్. ఈ నెల ఆఫర్..."

తడి చేతులతో అతను ఆపుదామన్నా కవరు మీద వేలు జారిపోయిందట. ఆ పిల్ల చెప్పాల్సిందంతా చెప్పింది. పెట్టెల దగ్గరున్న వాళ్ళంతా విన్నారు.

"ఐసులో చేతులు పెట్టీ పెట్టీ మనోడు గడ్డకట్టుకుపోయాడ్రోయ్!" అని ఒకడు అన్నాడట. మార్కెట్ మార్కెట్టంతా నవ్వింది. ఆ మాట నాలాంటిది రాయకూడదు. కోడలు నాతో చెప్పేటప్పుడు ఏడ్చిన తీరు గుర్తొచ్చి రాశాను.

తర్వాత అవి ఆగలేదు. ఒక నంబరు ఆపితే ఇంకో నంబరు. మందుల వాళ్ళు, జాతకాల వాళ్ళు, ఇన్సూరెన్సు వాళ్ళు. ఫోను తెరిస్తే పసిపిల్లల బొమ్మలు. పామర్రులో కూడా అతన్ని పేరుతో పిలవడం మానేసి "ఐసు" అనడం మొదలుపెట్టారు.

తెలిసినవాళ్ళు ముగ్గురే. భార్య అతని తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసింది. ఇంక మిగిలింది ఒక్కరు.

"ఎవరికి చెప్పావమ్మా?"

"ఎవరికీ చెప్పలేదురా."

"నిజం చెప్పు. ఎవరితోనో అన్నావు. ఆ పంతులమ్మగారితో అన్నావా?"

"శివుడికి చెప్పుకున్నాన్రా. ఇంకెవరికీ చెప్పలేదు."

"శివుడు కాల్ సెంటర్ పెట్టాడా?"

ఆవిడకి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. కోడలికి అర్థమైంది. యాప్ సంగతి మొగుడికి చెప్పింది. అతను వినలేదు. "ఎవడో కంపెనీవాడు మా అమ్మ మొక్కులు చదువుకుంటూ కూర్చుంటాడా? ఆవిణ్ణి కాపాడ్డానికి కథలల్లకు" అన్నాడు. అతన్నీ తప్పు పట్టలేను. మనిషి నోటి నుంచి మనిషి చెవికి మాట పాకడం అతనికి తెలుసు. ఇది ఎవరి నోరో, ఎవరి చెవో చూపించలేకపోయాం.

చూపించడానికి ఒక్కటే దారి ఉండేది. ఆవిడ పలికిన మాటలు యాప్‌లో అక్షరాలుగా ఉండేవి. కానీ మొదటి రోజు గొడవకే ఆవిడ గాభరా పడి, "తీసెయ్యమ్మా, ముందు దాన్ని ఫోన్లోంచి తీసెయ్యి" అంటే కోడలు తీసేసింది. ఖాతా కూడా మూసేసింది. తీసేస్తే అవతల కూడా పోతుందనుకున్నారు పాపం. మళ్ళీ పెట్టి చూస్తే ఏమీ లేదు. మా వైపు చెరిగిపోయింది.

సహాయానికని ఇచ్చిన నంబరుకి నేనే మాట్లాడతానన్నాను. రికార్డు చేసిన గొంతు, మీ భక్తి మాకెంతో విలువైనది అంది, భజన వినిపించింది, కట్టయిపోయింది. మర్నాడూ అంతే. కోడలు యాప్ వాళ్ళ షరతులు వెతికి, ఆ ఇంగ్లీషు నాకు అర్థమయ్యేలా చదివి చెప్పింది. మనం ఇచ్చిన వివరాలు వాళ్ళ భాగస్వాములతో పంచుకుంటారట.

"భాగస్వాములంటే ఎవరే?" అన్నాను.

"రాయలేదు పిన్నిగారూ. మనం ఒప్పుకున్నామని మాత్రం ఉంది. గంట మోగాక సరేనని నొక్కాను చూడండీ, అదే."

ఎవరు ఎవరికి అమ్మారో నాకు ఈరోజుకీ తెలియదు. బట్టల కొట్లో, మందుల షాపులో, టిఫిన్ హోటల్లో, అడిగినచోటల్లా నంబరు చెప్పేస్తూనే ఉన్నాం. కొన్నది చీరే కదా అనుకుంటాం. ఆవిడ ఇచ్చింది చీర లెక్క కాదు. నంది చెవిలో తప్ప ఎక్కడా చెప్పని మాట.

కొడుకు ఇల్లు విడిచిపోలేదు. అలా పోయినా బాగుండేదేమో. అదే ఇంట్లో, అదే గదిలో కూర్చుని తినేవాడు. తల్లితో మాట్లాడేవాడు కాదు. ఏదైనా చెప్పాల్సొస్తే భార్యతో, "ఆవిడకి మందులు తెచ్చానని చెప్పు" అనేవాడు. మందులు ఒక్క రోజు కూడా తప్పించలేదు. ఆవిడని చంపింది ఆ నొప్పి కాదనిపిస్తుంది నాకు. "అమ్మ" పోయి "ఆవిడ" రావడమే.

ఒక సోమవారం కబురు పెట్టింది, గుడికి తీసుకెళ్ళమని. నేనూ నాగమణీ చెరో రెక్క పట్టుకుని మెట్లెక్కించాం. చాలా రోజులకి చూసి పూజారిగారు కూడా సంతోషించారు. నంది దగ్గర నిలబెట్టాం. ఒక చెయ్యి అలవాటుగా నోటి దగ్గరికి వెళ్ళింది. రెండో చెయ్యి మెడ మీదుగా సాగి అవతలి చెవి మూసింది. అలా ఎంతసేపు ఉందో. పెదవులు కదల్లేదు. తర్వాత రెండు చేతులూ తీసేసి, నూనె అంటిన అరచేతుల్ని చూసుకుంది.

"ఏమైంది అక్కగారూ?"

"వద్దులేవే. ఎవరు వింటారో ఏమో."

"రాయి అక్కగారూ ఇది. మన నందిగారు."

"ఆ ఫోనూ గాజుపలకేగా. దానికి మాత్రం నోరుందా?" అంది.

మా నాన్నగారు నేర్పిన ఇన్ని పద్యాల్లో ఒక్కటీ ఆ సమయానికి అక్కరకు రాలేదు. ఆవిడకి కొడుకుతో మాట పోయిన సంగతి అప్పటికే తెలుసు. దేవుడితో మాట కూడా పోయిందని ఆ రోజు తెలిసింది. దిగేటప్పుడు చెయ్యి నా ముక్కు దగ్గర పెట్టమన్నాను, నవ్విద్దామని. పెట్టింది గానీ, వాసనొస్తోందా అని అడగలేదు.

ఆ తర్వాత ఆవిడ మెట్లెక్కలేదు. నాగమణి కబురు తెచ్చిన రోజున చామంతి దండ తీసుకుని వెళ్ళాను. ఎవరో సర్దుతూ రెండు చేతులూ గుండెల మీద పెట్టారు. దండ ఆ చేతుల మీద వేశాను.

పెద్దకర్మ నాడు భోజనాల వేళ, పటం ముందు దీపం వత్తి సర్దుతున్నాను. కొడుకు పక్కనే చాప మీద కూర్చున్నాడు. అతని జేబులో ఫోనుకి మెసేజి వచ్చింది. తీసి నొక్కితే వీడియో ఒకటి మొదలై చిన్నగా గంట మోగింది. గుడిగంట. ఆ చప్పుడు కోడలికీ నాకూ తెలుసు. అతను తెర మీది అక్షరాలు చదివాడు. చూస్తూ ఉండిపోయాడు. కోడలు వెనక నుంచి తొంగి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత నాకు చెప్పింది, అందులో ఏముందో. మీ తల్లిగారు మీ సంతానం కోసం చెప్పుకున్న సంకల్పం మాకు గుర్తుంది. ఈ శ్రావణంలో మళ్ళీ పూజ చేయించుకోండి. కింద, ఆవిడ పలికిన మాటే, అక్షరం పొల్లుపోకుండా: లోపం నా బిడ్డలో ఉంది సామీ, ఎవరికీ చెప్పనని వాడికి మాటిచ్చాను, నీకొక్కడికే చెబుతున్నాను.

మేం ఇంతకాలం చూపించలేకపోయింది అదే. ఆవిడ నిజమే చెప్పిందని కొడుక్కి సాక్ష్యం చెప్పినవాళ్ళు, చివరికి, ఆ మాట అమ్ముకున్నవాళ్ళే.

కోడలు అతని భుజం మీద చెయ్యి వేసింది. "చూశారా? అత్తయ్య చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు."

అతను ఫోను చాప మీద బోర్లించాడు. పటం వైపు చూడలేదు. "ఇప్పుడెందుకు" అన్నాడు. మళ్ళీ, "ఇప్పుడెందుకే అది" అన్నాడు. అంతే. వడ్డన పిలుపు వస్తే లేచి వెళ్ళాడు.

ఫోన్లు ఇప్పటికీ వస్తున్నాయట. కంకిపాడులో ఇప్పటికీ "ఐసు" అనే అంటున్నారట. తల్లే నోరు జారిందని ఆ మార్కెట్‌లో అందరి నమ్మకం. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి కాదని చెప్పే ఓపిక ఎవరికుంది? చెప్పినా నవ్వుతారు. వాళ్ళు మారతారన్న ఆశ నాకు లేదు. ఆ కంపెనీ మరిచిపోతుందన్న ఆశ అంతకంటే లేదు.

నాకు అక్షరం ఇచ్చిన తండ్రికీ, ఇంతదాకా చదివిన మీకూ దణ్ణం పెట్టి, ఒక్కటి అడుక్కుంటాను. ఆవిడ కోరికని ఎవరెవరో గుర్తు పెట్టుకున్నారు. మీరు ఆవిడని గుర్తు పెట్టుకోండి. ఈసారి శివాలయానికి వెళ్ళినప్పుడు, నంది అవతలి చెవి మీద మీ చెయ్యి ఆనించినప్పుడు, పొట్టి మనిషి ఒకావిడ అక్కడే మునివేళ్ళ మీద లేచి, పసుపు వాసన వేసే అరచెయ్యి అదిమి పెట్టేదని తలుచుకోండి. ఆవిడ ఎవరికీ చెప్పలేదు.